ఇప్ప చెట్టుకు ఎస్ఎస్ఆర్ మార్కర్లు: ఆకు కోయడం నుంచి లెక్క తేలేదాకా

గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అహేరి, భామ్రాగఢ్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఇప్ప చెట్ల గురించి ఊరివాళ్లకు తెలిసినంత వివరంగా ఏ పుస్తకంలోనూ ఉండదు. ఫలానా చెట్టు ముందు పూస్తుంది, ఫలానాది పువ్వు దళసరి, గట్టు మీదిది ఏడాది విడిచి ఏడాది కాస్తుంది, ఇలా చెట్టు చెట్టుకూ ఒక చరిత్ర చెబుతారు. ఆ తేడాల వెనక జన్యువుల్లో ఎంత వైవిధ్యం ఉంది, ఈ అడవికీ మల్కన్‌గిరి అడవికీ చుట్టరికం ఉందా లేదా అన్నది తేల్చుకోవాలంటే మార్కర్లు, అంటే చెట్టుకూ చెట్టుకూ తేడా చూపే డీఎన్ఏ గుర్తులు కావాలి. ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఇక్కడ తయారుచేసుకునే ఎస్ఎస్ఆర్ మార్కర్లు పువ్వు తీపిని గానీ నూనె శాతాన్ని గానీ చెప్పవు. చెట్ల మధ్య బంధుత్వం, జనాభాలోని (ఒక చోటి చెట్ల గుంపులోని) వైవిధ్యం, జనాభాల మధ్య దూరం మాత్రమే చెబుతాయి. ఆ పనికి మాత్రం ఇవి చాలా గట్టివి.

ఎస్ఎస్ఆర్ అంటే డీఎన్ఏలో రెండు మూడు అక్షరాల ముక్క ఒకటే వరసగా తిరిగి తిరిగి వచ్చే చోటు. ఏజీ ఏజీ ఏజీ అని పన్నెండుసార్లు ఒక చెట్టులో ఉంటే, పక్క చెట్టులో పదిహేనుసార్లు ఉండొచ్చు. కణం డీఎన్ఏకు నకలు తీసేటప్పుడు ఇలాంటి చోట జారి ఒక ముక్క ఎక్కువో తక్కువో రాస్తుంది. అందుకే ఇక్కడ పొడవు త్వరగా మారుతుంది. తల్లి నుంచి వచ్చిన పొడవు, తండ్రి నుంచి వచ్చిన పొడవు రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ర్యాపిడ్ (ఆర్ఏపీడీ) అనే ఇంకో రకం మార్కర్లలో ఈ రెండూ విడిగా కనిపించవు, పైగా ఒక ల్యాబులో జెల్ మీద వచ్చిన గీతలు ఇంకో ల్యాబులో రావు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు. వేల ఎస్ఎన్‌పీలు (ఒక్క అక్షరం తేడాలు) ఒకేసారి ఇచ్చే సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలను వరసగా చదవడం) పద్ధతులు శక్తిమంతమైనవే. కానీ వంద, నూటయాభై చెట్లు, ఒక పీసీఆర్ యంత్రం (డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసేది), పరిమితమైన డబ్బు ఉన్న కాలేజీ ల్యాబుకు పన్నెండు పదిహేను మంచి ఎస్ఎస్ఆర్‌లే నయం.

ఈ పని మొత్తంలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: కనిపిస్తున్న తేడా చెట్టుదా, మన చేతి తప్పుదా? ప్రతి మెట్టులో దాన్ని విడదీసే ఏర్పాటు చేసుకుంటూ పోవాలి.

ఊరి మాట, అడవి అనుమతి

ఇప్ప చెట్టు అడవిలో ఉన్నా పువ్వు ఏరుకునే హక్కు ఫలానా ఇంటిదని ఊళ్లో లెక్క ఉంటుంది. ఆ ఇంటివాళ్లను అడగకుండా కొమ్మ వంచకూడదు. గడ్చిరోలి జిల్లా మెండా-లేఖ 2009లో సామూహిక అటవీ హక్కు సాధించుకున్న ఊరు. ఇలాంటి ఊళ్లలో గ్రామసభ తీర్మానం లేనిదే పని మొదలుపెట్టొద్దు. రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి వేరేగా కావాలి. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది, 2023లో సవరించారు. నమూనాలుగానీ డీఎన్ఏగానీ దేశం దాటి పంపే ఆలోచన ఉంటే ఆ నిబంధనలు ముందే చదువుకోవాలి. సీక్వెన్సింగ్ హైదరాబాదులోనో బెంగళూరులోనో అయిపోతుంది కాబట్టి సాధారణంగా ఆ అవసరం రాదు.

ఆకు ఎప్పుడు, ఎలా

ఇప్ప ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. పువ్వు అయిపోతుండగా రాగి రంగు చిగుళ్లు వస్తాయి. ఆ చిగురు సగం విప్పుకుని ఎరుపు పోయి పచ్చబడుతున్న రోజులే ఆకు కోయడానికి సరైన సమయం. లేత ఆకులో గ్రాముకు కణాలు ఎక్కువ, జిగురు తక్కువ. వానాకాలం దాటి ముదిరిన ఆకుతో డీఎన్ఏ తీయడం నాలుగింతల శ్రమ.

తొడిమ విరవగానే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలతోనే ఆకులు ఒకదాని మీద ఒకటి పెడితే అట్టలా అతుక్కుపోయి, మధ్యలో తేమ నిలిచి, రెండు రోజుల్లో నల్లబడతాయి. కాబట్టి విరిచిన తొడిమను కిందికి వంచి పాలు కారనివ్వాలి, టిష్యూ కాగితంతో అద్దాలి, నడిమి ఈనె తీసేసి రెక్కను వేలెడు పీలికలుగా చింపి కాగితపు కవర్లో వేయాలి. ఆ కవరును సిలికాజెల్ ఉన్న జిప్ సంచిలో పెట్టాలి. ఆకు బరువుకు పదింతలు సిలికా. 5 గ్రాముల ఆకుకు 50 గ్రాములు, ముప్పై చెట్లకు కిలోన్నర. మొదటి 24 గంటల్లో ఒకసారి సిలికా మార్చాలి, చాలామంది ఈ పనే చేయరు. నారింజ గింజలు ఆకుపచ్చగా మారాయంటే తేమ పట్టినట్టు. రెండో రోజుకు ఆకు చేత్తో నలిపితే పొడి కావాలి. వంగుతోందంటే ఇంకా ఆరలేదు.

చెట్టు నంబరును పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి కవరు లోపల వేయండి. పెన్ను రాత స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది, సంచి మీది రాత రాపిడికి పోతుంది. జీపీఎస్ గుర్తులు, రొమ్ము ఎత్తున చుట్టుకొలత, ఊరి పేరు, చెట్టు ఎవరిదో, పొలంలో ఉందో అడవిలో ఉందో నోట్‌బుక్కులో రాయాలి. ఒక్కో చోటి నుంచి ఒక ఎండు రెమ్మ నమూనా హెర్బేరియానికి తప్పకుండా. ఇక్కడ దొరికేది ఎక్కువగా వెడల్పాకు రకం, మధుకా లాంగిఫోలియాలోని లాటిఫోలియా. తీరంవైపు సన్నాకు రకం కలిసిందంటే రెండు రకాల తేడా కాస్తా జనాభాల తేడాగా లెక్కలోకి ఎక్కుతుంది.

ఒక్కో జనాభాకు ముప్పై చెట్లు తీసుకోండి. చెట్టుకూ చెట్టుకూ కనీసం వంద మీటర్ల ఎడం. పండును గబ్బిలాలు మోసుకెళ్లి ఒక చెట్టు మీద కూర్చుని తిని గింజలు కింద పడేస్తాయి. ఆ గుంపులో మొలిచినవి అన్నదమ్ములు కావచ్చు. అలాంటి గుంపు నుంచి పది చెట్లు తీసుకుంటే ఆ ఊరి వైవిధ్యం ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది.

జిగురు వదిలించి డీఎన్ఏ తీయడం

సగం ప్రాజెక్టులు ఇక్కడే చతికిలపడతాయి. ఇప్ప ఆకులో పాలు, జిగురు, వగరు అన్నీ ఉన్నాయి. మామూలు కిట్టుతో తీస్తే గొట్టం అడుగున గోధుమరంగు ముద్ద మిగులుతుంది, దానితో పీసీఆర్ నడవదు.

ఎండిన ఆకు 50 మిల్లీగ్రాములు 2 మిల్లీలీటర్ల గొట్టంలో వేసి స్టీలు గుండుతో, లేదంటే రోకలి కల్వంలో చిటికెడు శుభ్రమైన ఇసుకతో పొడి చేయండి. సిలికాలో బాగా ఆరిన ఆకుకు ద్రవ నైట్రోజన్ అక్కర్లేదు. వెంటనే సీటాబ్ (కణాలను విప్పే సబ్బులాంటి రసాయనం) పోయకుండా ముందు కడగాలి. కడిగే ద్రవంలో సార్బిటాల్ 0.35 మోలార్, ట్రిస్ 100 మిల్లీమోలార్ పీహెచ్ 8.0, ఈడీటీఏ 5 మిల్లీమోలార్, పీవీపీ-40 ఒక శాతం, వాడే ముందు బీటా మెర్కాప్టోఇథనాల్ ఒక శాతం (చివరి రెండూ వగరును అడ్డుకునేవి). ఈ ద్రవం 1 మిల్లీలీటరు పోసి బాగా కలిపి సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి పై ద్రవం పారబోయాలి. మొదటిసారి ఆ ద్రవం బెండకాయ జిగురులా సాగుతుంది. సాగడం ఆగేదాకా రెండు మూడు సార్లు కడగండి. కణాల కేంద్రకాలు అడుగునే ఉంటాయి, జిగురు మాత్రం పోతుంది.

ఇప్పుడు 65 డిగ్రీలకు వేడిచేసిన సీటాబ్ ద్రవం 700 మైక్రోలీటర్లు పోయాలి. అందులో సీటాబ్ 2 శాతం, ట్రిస్ 100 మిల్లీమోలార్ పీహెచ్ 8.0, ఈడీటీఏ 20 మిల్లీమోలార్, ఉప్పు 1.4 మోలార్, పీవీపీ-40 2 శాతం, మెర్కాప్టోఇథనాల్ 1 శాతం. 65 డిగ్రీల నీళ్లలో 45 నిమిషాలు ఉంచి, పదేసి నిమిషాలకు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే డీఎన్ఏ ముక్కలవుతుంది. చల్లారాక సమాన కొలత క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24కు 1 మిశ్రమం పోసి పది నిమిషాలు తిప్పి కలిపి, 12,000 జీ వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. పై పొర మాత్రమే తీయండి. మధ్యనున్న తెల్ల పొరను పిపెట్ తాకిందంటే అప్పటిదాకా కడిగినది మళ్లీ కలిసినట్టే, కాబట్టి కాస్త పొర వదిలేయడమే లాభం. ఇంకోసారి క్లోరోఫామ్. ఈ రెండు ద్రావకాలూ ఫ్యూమ్ హుడ్‌లోనే వాడాలి, సింకులో పారబోయకూడదు.

పై పొరకు 0.7 వంతు చల్లటి ఐసోప్రొపనాల్ కలిపి మైనస్ 20 డిగ్రీల్లో అరగంట ఉంచి, 12,000 జీ వద్ద 10 నిమిషాలు తిప్పండి. అడుగు ముద్దను 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, మూత తీసి పది నిమిషాలు ఆరనివ్వాలి. పూర్తిగా ఎండి పెళుసెక్కితే మళ్లీ కరగదు. 50 మైక్రోలీటర్ల టీఈ (ట్రిస్, ఈడీటీఏ) ద్రవంలో కరిగించి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ఆర్ఎన్ఏజ్ 1 మైక్రోలీటరు వేసి 37 డిగ్రీల్లో అరగంట.

ముద్ద రంగును గమనించండి. తెల్లగా, పలచటి మబ్బులా ఉంటే మంచిది. గోధుమరంగు వచ్చిందంటే వగరు పదార్థాలు ఆక్సీకరణ చెంది డీఎన్ఏకు అంటుకుపోయాయి, ఎంత కడిగినా పోవు. మెర్కాప్టోఇథనాల్, పీవీపీ పెంచి మొదటి నుంచీ తీయడమే దారి. గాజులా మెరుస్తూ పిపెట్ మొనకు సాగుతుంటే అది జిగురు, దీనికి మందు ఉంది. టీఈలో కరిగించి, దానికి సగం కొలత 5 మోలార్ ఉప్పునీరు, ఆపైన రెండింతల చల్లటి ఇథనాల్ కలిపితే డీఎన్ఏ కిందికి దిగుతుంది, జిగురు చాలావరకు పైనే ఉండిపోతుంది.

డీఎన్ఏ ఎంత శుభ్రమో చెప్పే కాంతి కొలతల్లో (స్పెక్ట్రోఫోటోమీటర్) 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, 260/230 నిష్పత్తి 2 దగ్గర ఉండాలి. రెండోది 1 కంటే తక్కువైతే పీసీఆర్ మొరాయిస్తుంది. యంత్రం చూపించిన అంకెను మాత్రమే నమ్మకుండా 0.8 శాతం అగరోజ్ జెల్ మీద ఒక గట్టి గీత ఉందో లేదో చూడండి. పీసీఆర్‌కు మైక్రోలీటరుకు 10 నానోగ్రాములకు పలచబరిస్తే చాలు. గీత రాకపోతే డీఎన్ఏ పెంచాలనిపిస్తుంది. పెంచకండి, పదింతలు పలచన చేసి చూడండి. అప్పుడు గీత వస్తే అడ్డుపడుతున్నది మలినమే. మలినాన్ని పట్టేసే బీఎస్ఏ ప్రోటీన్ కొద్దిగా కలిపినా తోడ్పడుతుంది.

మార్కర్లు వెతకడం

ఒక్క చెట్టు చాలు. అన్నింటిలోకీ శుభ్రమైన డీఎన్ఏ ఇచ్చిన చెట్టును ఎంచుకుని ఒక మైక్రోగ్రాము సీక్వెన్సింగ్‌కు పంపండి. 150 అక్షరాల జంట రీడ్లు (యంత్రం చదివిన ముక్కలు), 5 నుంచి 10 గిగాబేస్‌లు. మొత్తం జన్యుపటం కూర్చే పని కాదిది, ఎస్ఎస్ఆర్ చుట్టూ ప్రైమర్‌కు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కకు) చోటున్న ముక్కలు దొరికితే సరిపోతుంది. నాణ్యత లేని చివర్లు కత్తిరించి, క్లోరోప్లాస్ట్ రీడ్లు తీసేసి, మిగిలినవాటిని చిన్న ముక్కలుగా కూర్చి మీసా అనే ప్రోగ్రాంలో వేయాలి. రెండక్షరాలవి కనీసం 10 పునరావృతాలు, మూడక్షరాలవి 7, నాలుగక్షరాలవి 6 అని పెట్టుకుంటే మారే అవకాశం ఉన్నవే మిగులుతాయి.

ఇప్ప, సపోటా ఒకే కుటుంబం. ఆఫ్రికాలోని షియా చెట్టు కూడా ఆ కుటుంబానిదే, దాని జన్యుపటం 2021లో వెలువడింది. ఆ చెట్టుకు చేసిన ప్రైమర్లు ఇక్కడ నడుస్తాయేమో చూడొచ్చు గానీ వాటి మీద ఆధారపడొద్దు. జాతి మారితే ప్రైమర్ కూర్చునే చోట అక్షరాలు మారి ఉంటాయి.

దొరికినవాటిలో ఏటీ ఏటీ పునరావృతాలు వదిలేయండి. మొక్కల్లో అవి కుప్పలుగా ఉంటాయి కానీ తమలో తామే మడతపడి పీసీఆర్‌ను చెడగొడతాయి. ఏజీ, ఏసీ, మూడక్షరాలవి మంచివి. ప్రైమర్ త్రీ అనే ప్రోగ్రాంలో ప్రైమర్ పొడవు 18 నుంచి 24 అక్షరాలు, కరిగే ఉష్ణోగ్రత 57 నుంచి 63 డిగ్రీలు, జతలో తేడా 1 డిగ్రీ లోపు, జీ, సీ అక్షరాలు 40 నుంచి 60 శాతం, పీసీఆర్ ఉత్పత్తి 100 నుంచి 300 అక్షరాలు. ప్రతి ప్రైమర్ జతనూ బ్లాస్ట్ ప్రోగ్రాంలో మీ ముక్కలన్నింటితో పోల్చి, ఒకటికంటే ఎక్కువ చోట్ల కూర్చునేవాటిని తీసేయాలి. 48 జతలు ఆర్డర్ ఇవ్వండి. అందులో పనికొచ్చేవి సగం కూడా మిగలకపోవచ్చు, దానికి సిద్ధపడే లెక్క వేసుకోవాలి.

ముక్క పొడవును యంత్రం చదవాలంటే ప్రైమర్‌కు రంగు ఉండాలి. రంగు ప్రైమర్లు ఖరీదు. అందుకే ఫార్వర్డ్ ప్రైమర్ ముందు 18 అక్షరాల ఎం13 తోక తగిలించి, రంగు పట్టిన ఎం13 ప్రైమర్ ఒక్కటి కొని అన్ని మార్కర్లకూ వాడుకోవాలి. రివర్స్ ప్రైమర్ మొదట్లో జీటీటీటీసీటీటీ అనే ఏడక్షరాలు కలపడం మరిచిపోవద్దు. పీసీఆర్‌లో నకళ్లు తీసే ట్యాక్ ఎంజైము ఉత్పత్తి చివర ఒక ఏ అక్షరం ఒకోసారి కలుపుతుంది, ఒకోసారి కలపదు. ఈ ఏడక్షరాలు ఉంటే ఎప్పుడూ కలుపుతుంది, యంత్రం గీసే శిఖరం చీలదు.

పది మైక్రోలీటర్ల పీసీఆర్‌కు: డీఎన్ఏ 20 నానోగ్రాములు, మెగ్నీషియం 2 మిల్లీమోలార్, డీఎన్‌టీపీలు ఒక్కోటి 0.2 మిల్లీమోలార్, రివర్స్ 0.2 మైక్రోమోలార్, రంగు ఎం13 0.2 మైక్రోమోలార్, తోక ఉన్న ఫార్వర్డ్ 0.05 మైక్రోమోలార్, ట్యాక్ అర యూనిట్. ఫార్వర్డ్ నాలుగో వంతే వేయడంలో కిటుకు ఉంది. అది ముందే అయిపోవాలి, అప్పుడే రంగు ప్రైమర్ దాని పని అందుకుంటుంది. ఎక్కువైతే ఉత్పత్తి బాగానే వస్తుంది, రంగు మాత్రం ఉండదు. 94 డిగ్రీలు 5 నిమిషాలు. 94, 56, 72 డిగ్రీల్లో 30, 45, 45 సెకన్లు 30 సార్లు. తర్వాత 56 బదులు 53 డిగ్రీలతో 8 సార్లు. చివర 72 డిగ్రీలు 10 నిమిషాలు.

మొదట ఒకదానికొకటి దూరంగా ఉన్న ఎనిమిది చెట్ల మీద చూడండి. గీత రానివి, మూడు నాలుగు గీతలు వచ్చేవి, అన్ని చెట్లలోనూ ఒకే పొడవు ఇచ్చేవి అక్కడే ఆపేయాలి. మిగిలినవాటిని ఒక జనాభాలోని ముప్పై చెట్ల మీద పరీక్షించి 12 నుంచి 15 మార్కర్లు ఖాయం చేసుకోవాలి. రెండక్షరాల తేడా అగరోజ్ జెల్ మీద కనపడదు. ముక్కల పొడవు అక్షరం తేడాతో చదివే క్యాపిలరీ యంత్రానికి పంపాలి, వీలు లేకపోతే 6 శాతం పాలియాక్రిలమైడ్ జెల్, వెండి రంగు.

శిఖరాలు చదవడం

తెర మీద మార్కర్ ఒక శిఖరంలా కాకుండా మెట్ల వరసలా కనిపిస్తుంది: 180 దగ్గర పొట్టిది, 182 దగ్గర ఇంకాస్త ఎత్తు, 184 దగ్గర ఎత్తయినది. ఇవి మూడు అల్లీళ్లు (ఆ చోట ఉండగల వేర్వేరు పొడవులు) కావు. ఎంజైము జారినందుకు వచ్చిన నీడలు. ఎత్తయిన 184 మాత్రమే అల్లీల్. చిక్కు ఎక్కడంటే, చెట్టుకు 182, 184 రెండూ నిజంగా ఉన్నప్పుడు. అప్పుడు 182 శిఖరం నీడకు ఉండాల్సినదానికంటే బాగా ఎత్తుగా, 184కు సమానంగానో ఇంకా ఎక్కువగానో ఉంటుంది. ఒకే అల్లీల్ ఉన్న చెట్టు నీడ నిష్పత్తి ముందు చూసి పెట్టుకుంటేనే ఇది తెలుస్తుంది. మూడక్షరాల పునరావృతాల్లో ఈ బాధ చాలా తక్కువ, కాబట్టి వీలున్నంతవరకు వాటికే మొగ్గు చూపండి.

ప్రతి ప్లేటులో 96 గుంతలు: 86 నమూనాలు, 8 మళ్లీ చేసేవి, ఒక రిఫరెన్సు చెట్టు, ఒకటి డీఎన్ఏ లేని ఖాళీ గుంత. ఆ ఎనిమిదీ ఆకు దగ్గర్నుంచి మళ్లీ తీసినవైతే మీ పొరపాటు శాతం అంకెల్లో తెలుస్తుంది. రిఫరెన్సు చెట్టు పొడవు ప్లేటు ప్లేటుకూ ఒకటి రెండు అక్షరాలు జరిగితే మిగతావన్నీ అంతే జరిపి సరిచేయాలి. రాయగడలోనో జయపురంలోనో ఇంకో ల్యాబు ఇదే పని చేస్తుంటే మూడు రిఫరెన్సు డీఎన్ఏలు పంచుకోండి. అవి లేకుండా రెండు చోట్ల అంకెలను పక్కపక్కన పెట్టడం కుదరదు.

లెక్క, అందులోని అనుమానం

ఒక మార్కర్‌లో మూడు అల్లీళ్లు 0.5, 0.3, 0.2 వంతున ఉన్నాయనుకుందాం. ఆశించే విషమయుగ్మజత (ఒక చెట్టులో రెండు వేర్వేరు అల్లీళ్లు ఉండే అవకాశం) అంటే 1 నుంచి వాటి వర్గాల మొత్తం తీసేయడం: 1 − (0.25 + 0.09 + 0.04) = 0.62. ముప్పై చెట్లకు సవరణ 60/59, అంటే 0.63. రెండు వేర్వేరు అల్లీళ్లు నిజంగా కనిపించినవి 14 చెట్లు, అంటే 0.47. ఆశించినదానికంటే ఎంత వంతు తగ్గిందో చెప్పే ఎఫ్ విలువ 0.26. ఇది ఎక్కువే.

ఇక్కడ తొందరపడి చెట్లు దగ్గరి చుట్టాల్లోనే సంకరమవుతున్నాయని రాయకండి. ఇంకో కారణం ఉండొచ్చు: ప్రైమర్ కూర్చునే చోట కొన్ని చెట్లలో అక్షరం మారి, ఒక అల్లీల్ అసలు కనిపించకపోవడం. అదే నల్ అల్లీల్. అప్పుడు రెండు అల్లీళ్ల చెట్టు కాస్తా ఒకే అల్లీల్ చెట్టులా కనిపిస్తుంది. పై అంకెలతో దాని వంతు సుమారు (0.63 − 0.47) / (0.63 + 0.47), అంటే 0.15. ఒక చెట్టులో రెండు ప్రతులూ నల్ అయ్యే అవకాశం దాని వర్గం, 0.02, ముప్పై చెట్లలో ఒకటికి దగ్గర. మిగతా మార్కర్లన్నీ చక్కగా వచ్చిన ఒక చెట్టు ఈ మార్కర్‌కు మాత్రం ఎన్నిసార్లు చేసినా ఖాళీగా వస్తోందా? అయితే తప్పు ప్రైమర్‌ది. ప్రైమర్‌ను కాస్త పక్కకు జరిపి మళ్లీ తయారుచేయించుకోవాలి, లేదా ఆ మార్కర్ వదిలేయాలి. అదే ఎఫ్ విలువ పన్నెండు మార్కర్లలోనూ దాదాపు ఒకేలా పెరిగితే అది చెట్ల సంగతి: బంధువుల మధ్య సంకరమో, రెండు వేర్వేరు గుంపులను ఒక జనాభాగా కలిపి లెక్కించడమో.

మిగతా లెక్కలు జెన్‌అలెక్స్, జీన్‌పాప్ ప్రోగ్రాంలు చేసిపెడతాయి. చెట్లను జన్యు గుంపులుగా విడదీసే స్ట్రక్చర్ ప్రోగ్రాం వాడితే ఒక్కో కే (గుంపుల సంఖ్య) విలువకు పదేసి సార్లు, లక్ష అడుగులు వదిలేసి ఆపైన ఐదు లక్షలు నడపండి. సరైన కే ఎంచే డెల్టా కే పద్ధతి కే ఒకటి అన్న జవాబు ఎప్పటికీ ఇవ్వలేదు. కాబట్టి అది రెండు అన్నంత మాత్రాన రెండు గుంపులు ఉన్నట్టు కాదు.

మొలకలను విడిగా చూడండి

పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండాకులు కాల్చడం ఈ అడవుల్లో ఏటా జరిగేదే. ఆ మంటలో మొలకలు మిగలవు. అందుకని ఊరి చుట్టూ ఉన్నవి చాలావరకు ముసలి చెట్లే, వాటిలో వైవిధ్యం నిండుగా కనిపిస్తుంది. అది తాతల కాలం అడవి వైవిధ్యం. ఇవాళ ఏం మిగులుతోందో తెలియాలంటే ప్రతి చోటా పెద్ద చెట్లు ముప్పై, మోకాలెత్తు మొలకలు ముప్పై విడివిడిగా తీసుకుని అవే మార్కర్లతో పోల్చాలి. మొలక నుంచి ఒక్క ఆకుకు మించి కోయకండి. రెండు గుంపుల్లో అల్లీళ్ల సంఖ్య పోల్చేటప్పుడు నమూనాల సంఖ్య సమానం చేసే రేరిఫాక్షన్ సవరణ వాడాలి. మొలకలు పన్నెండే దొరికి పెద్ద చెట్లు ముప్పై ఉంటే, ఆ సవరణ లేకుండా మొలకల్లో వైవిధ్యం తగ్గినట్టు దానంతటదే కనిపిస్తుంది. వైవిధ్యం తగ్గేటప్పుడు ముందుగా పోయేవి అరుదైన అల్లీళ్లు. విషమయుగ్మజత చాలాకాలం అలాగే ఉంటుంది. అందుకే మొలకల పట్టికలో మొదట చూడాల్సింది 0.05 కంటే తక్కువ వంతున్న అల్లీళ్ల వరస.